హైదరాబాద్‌లో చల్లగా వీచే కూలర్ భీమవరంలో ఎందుకు చల్లబరచదు?

బోడుప్పల్_భీమవరం | మే 6, రాత్రి 9.20

అందరికీ నమస్కారం. మేం ఉండేది బోడుప్పల్‌లో, పై అంతస్తు. మధ్యాహ్నానికి స్లాబు కాలిపోతుంది. అయినా డెజర్ట్ కూలర్ వేస్తే పావుగంటలో హాలు హాయిగా ఉంటుంది, పిల్లలు దాని ముందు నుంచి కదలరు. అమ్మానాన్న భీమవరంలో ఉంటారు. నాన్నకి ఏసీ పడదు, మోకాళ్లు పట్టేస్తాయంటారు. సరిగ్గా మా ఇంట్లో ఉన్న మోడలే ఒకటి కొని పంపుదామనుకుంటే మా బావ "అక్కడ డబ్బు దండగ, కొనకు" అంటున్నాడు. షాపులో అడిగితే "ఎక్కడైనా పనిచేస్తుంది సార్, ఐసు వేసుకోవడానికి పైన అర కూడా ఉంది" అన్నారు.

నాకు అర్థం కానిది ఇదే. ఎండ ఇక్కడే ఎక్కువ. ఇక్కడ 41 డిగ్రీలు ఉన్న రోజు అక్కడ 37, 38 ఉంటుంది. మోటారు అదే, నీళ్లు నీళ్లే. వేడి తక్కువున్న చోట ఇంకా బాగా చల్లబడాలి కదా? అసలు కారణం తెలిసినవాళ్లు చెప్పండి. పెద్దవాళ్ల విషయం కాబట్టి ఊహతో కొనాలని లేదు.

మలక్‌పేట_మెకానిక్ | మే 6, రాత్రి 9.48

అన్నా, మీ బావ చెప్పింది కరెక్ట్. నా దగ్గర కూలర్ కొన్నవాళ్లు కాకినాడకో, మచిలీపట్నానికో ట్రాన్స్‌ఫర్ అయితే అక్కడ ఒక్క సీజన్ చూసి అమ్మేసుకుంటారు. మెషిన్‌లో లోపం ఏమీ ఉండదు. గాలిలోనే తడి ఉంటే కూలర్ ఏం చేస్తుంది? సైన్సు ప్రకారం కారణం ఇక్కడ టీచర్లు ఉన్నారు, వాళ్లు చెప్తారు.

నాచారం_సైన్స్_టీచర్ | మే 6, రాత్రి 10.35

మంచి ప్రశ్న. నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్కటి పట్టుబడితే కుండ, చెమట, ఏసీ అన్నీ అర్థమవుతాయి.

కూలర్‌లో చల్లదనం తయారుచేసే యంత్రం ఏదీ లేదు. ఒక ఫ్యాను, ఒక చిన్న పంపు, తడిసే గడ్డి, అంతే. చల్లబరిచే పని మొత్తం నీళ్లు ఆవిరి కావడంలోనే ఉంది. నీటిలో అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించుకుని గాలిలోకి పోవాలంటే శక్తి కావాలి. కూలర్‌లో కింద స్టవ్ లేదు కాబట్టి ఆ శక్తిని గడ్డిలోంచి దూసుకొచ్చే వేడి గాలి నుంచే తీసుకుంటాయి. గాలి తన వేడిని నీటికి ఇచ్చేసి తాను చల్లబడి గదిలోకి వస్తుంది. లీటరు నీరు ఈ ఉష్ణోగ్రతల్లో ఆవిరి కావాలంటే సుమారు 2,400 కిలోజౌళ్లు (వేడిని కొలిచే యూనిట్) పడతాయి. అదే లీటరు నీటిని కుళాయి చల్లదనం నుంచి మరిగే దాకా తేవడానికి పట్టేదానికి ఇది దాదాపు ఎనిమిది రెట్లు. ఇంత వేడి నీటిలోకి పోతున్నా థర్మామీటర్‌లో నీటి ఉష్ణోగ్రత పెరగదు. అందుకే దీన్ని గుప్తోష్ణం అన్నారు. 1760ల్లో జోసెఫ్ బ్లాక్ గ్లాస్గోలో దీన్ని మొదటిసారి కొలిచి చూపించాడు.

ఇక మీ అసలు ప్రశ్న. నీళ్లు ఎంత త్వరగా ఆవిరవుతాయన్నది గాలి వేడి మీద మాత్రమే ఆధారపడదు, ఆ గాలిలో ఇప్పటికే ఎంత ఆవిరి ఉందన్నదే ముఖ్యం. గడ్డి నుంచి అణువులు బయటికి వెళ్తుంటే, గాలిలో ఉన్న ఆవిరి అణువులు తిరిగి గడ్డి మీద వాలుతూ ఉంటాయి. పొడి గాలిలో వెళ్లేవి చాలా ఎక్కువ, వచ్చేవి చాలా తక్కువ. తేమ గాలిలో రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి. అంటే నికరంగా ఆవిరయ్యేది కొంచెమే, గాలి నుంచి లాక్కునే వేడి కూడా కొంచెమే. భీమవరంలో జరిగేది ఇదే.

మబ్బుల_లెక్క | మే 6, రాత్రి 11.10

టీచర్ గారు చెప్పినదానికి అంకెలు కలుపుతాను. వాతావరణం లెక్కలు చూడటం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

హైదరాబాద్‌లో మే మధ్యాహ్నం 41 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకోండి. ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 11 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ వేడికి అదే గాలి 53 గ్రాముల దాకా పట్టగలదు. చాలా ఖాళీ ఉందన్నమాట. భీమవరంలో 38 డిగ్రీలు, తేమ 60 శాతం అయితే అప్పటికే 28 గ్రాములు ఉంటాయి, పట్టగలిగేది 46.

ఇంకో కొలత ఉంది, కూలర్ విషయంలో ఇదే అసలైనది: తడి బల్బు ఉష్ణోగ్రత. థర్మామీటర్ బల్బుకు తడి గుడ్డ చుట్టి గాలి తగిలేలా పెడితే అది ఎంతకు దిగుతుందో అదే. నీటిని నేరుగా గాలిలోకి ఆవిరి చేసి చల్లబరచే ఇలాంటి కూలర్ ఏదీ గాలిని ఆ అంకె కంటే కిందికి దించలేదు. పైన చెప్పిన హైదరాబాద్ గాలికి అది 23.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. భీమవరం గాలికి 31 దగ్గర.

మంచి కూలర్ ఈ రెండింటి మధ్య తేడాలో సుమారు ముప్పాతిక వంతు దించుతుంది. ఇక్కడ 41 నుంచి 23.5 దాకా 17 డిగ్రీలకు పైగా చోటు ఉంది కాబట్టి 13 డిగ్రీలు దిగి 28 దగ్గర గాలి వస్తుంది. అక్కడ 38 నుంచి 31 దాకా ఉన్నదే ఏడు డిగ్రీలు. ఐదు దిగి 33 దగ్గర ఆగుతుంది. పైగా వచ్చే ఆ గాలి తేమతో నిండిపోయి ఉంటుంది కాబట్టి ఒంటి మీద చెమట ఆరదు. చొక్కా వీపుకు అంటుకుపోతుంది.

మనం దక్కన్ పీఠభూమి మీద 500 మీటర్లకు పైన, సముద్రానికి రెండున్నర వందల కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్నాం. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడికి వచ్చేది చాలావరకు భూమి మీదుగా వచ్చే పొడి గాలి. గోదావరి జిల్లాల్లో ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కాలువలు, చేపల చెరువులు. గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

మణికొండ_కోడర్ | మే 7, ఉదయం 8.05

లెక్కలు బాగున్నాయి. కానీ ఆ ఐసు అర సంగతేంటి? మా ఫ్లాట్‌లో కూలర్‌లో ఐసు వేస్తే గాలి తేడా స్పష్టంగా తెలుస్తుంది. తేమ ఎక్కువున్నా ఐసు చల్లగానే ఉంటుంది కదా. అప్పుడు భీమవరంలో కూడా రోజూ ఐసు వేస్తే సరిపోదా?

నాచారం_సైన్స్_టీచర్ | మే 7, సాయంత్రం 5.40

తేడా తెలియడం నిజమే, కాసేపు. అది ఎంతసేపో లెక్క వేద్దాం.

కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్లు తీసుకుంటుంది. ఐదు కిలోలు వేశారనుకోండి: 1,670. కరిగిన నీళ్లు సున్నా నుంచి 24 డిగ్రీల దాకా వేడెక్కడానికి ఇంకో 500. మొత్తం 2,170 కిలోజౌళ్లు. లీటరు నీరు ఆవిరైతే పోయే వేడి 2,400. అంటే ఐదు కిలోల ఐసు చేసే పని మొత్తం లీటరు కంటే తక్కువ నీరు ఆవిరి కావడంతో సమానం. హైదరాబాద్ ఎండలో మీ కూలర్ గంటకు ఐదు లీటర్లు తాగుతుందనుకుంటే ఆ పని పది, పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది.

భీమవరంలో ఆవిరి సాయం అంతగా లేదు కాబట్టి ఐసే దిక్కవుతుంది. గది చల్లగా ఉండాలంటే గంటకు ఎన్ని బుట్టల ఐసు మోయాలో ఊహించండి. ఆ ఐసును ఇంట్లో ఫ్రిజ్‌లోనే తయారుచేస్తే, నీటి నుంచి తీసిన వేడితో పాటు కంప్రెసర్ వాడిన కరెంటు కూడా వేడిగా మారి వంటింట్లోకే వస్తుంది. ఫ్రిజ్ తలుపు తెరిచి గదిని చల్లబరచలేకపోవడానికీ కారణం ఇదే. ముందు నిలబడితే చల్లగా ఉంటుంది, వెనక జాలీ దగ్గర చెయ్యి పెడితే అంతకంటే ఎక్కువ వేడి తగులుతుంది.

మలక్‌పేట_మెకానిక్ | మే 7, రాత్రి 9.15

ఐసు వేస్తే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నీళ్లు మరీ చల్లబడితే ఆవిరి కావడం తగ్గుతుంది. ఐసు కంటే ముందు చూసుకోవలసినవి చాలా ఉన్నాయి, చెప్తాను. సీజన్‌లో నాకు వచ్చే కంప్లైంట్లలో సగానికి సగం ఇవే.

మొదటిది కిటికీ. కూలర్‌ని గది మధ్యలో పెట్టి తలుపులన్నీ బిగించేస్తారు, ఏసీ లాగా. మొదటి పది నిమిషాలు బాగుంటుంది, తర్వాత జిడ్డు జిడ్డుగా అవుతుంది. గదిలో గాలే మళ్లీ మళ్లీ గడ్డిలోంచి తిరిగి తడితో నిండిపోతుంది. కూలర్ వెనక భాగం కిటికీ బయటికి ఉండాలి, ఎదురుగా ఉన్న తలుపో కిటికీనో నాలుగు వేళ్లు తెరిచి ఉండాలి. లోపలికి వచ్చిన తడి గాలి బయటికి పోవడానికి దారి కావాలి.

రెండోది గడ్డి. ప్యాడ్ తీసి వెలుతురులో చూడండి. పైన నీళ్లు కారే గొట్టానికి వరసగా చిన్న రంధ్రాలు ఉంటాయి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి తెల్లగా గారపట్టి రెండు మూడు రంధ్రాలు మూసుకుపోతాయి. ఆ రంధ్రం కింద పై నుంచి కింది దాకా వేలెడంత వెడల్పున ఒక చార ఎండిపోయి గోధుమ రంగులో కనిపిస్తుంది. చుట్టూ గడ్డి తడిసి నల్లగా ఉంటుంది. ఫ్యాను గాలిని ఎక్కడ సులువైతే అక్కడి నుంచి లాగుతుంది. ఎండిన చారలోంచి బయటి వేడి గాలి అలాగే లోపలికి వచ్చేస్తుంది. గుండుసూదితో రంధ్రాలు పొడిస్తే చాలు, వంద రూపాయల ఖర్చు కూడా లేదు. తేనెతుట్టెలా ఉండే హనీకోంబ్ ప్యాడ్లు గడ్డి కంటే ఎక్కువ కాలం వస్తాయి, కానీ వాటికీ ఈ గారే శత్రువు. టబ్బులో నీళ్లు వారానికోసారి పూర్తిగా పారబోసి కడగాలి. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం టబ్బులోనే మిగులుతుంది. దోమలు కూడా గుడ్లు పెడతాయి.

మూడోది అందరూ వినాలి. రేకు కూలర్‌కి ఎర్తింగ్ లేకుండా వాడకండి. రెండు పిన్నుల ప్లగ్ పెట్టి, ఆన్‌లో ఉండగానే బకెట్‌తో నీళ్లు పోస్తారు. దయచేసి ముందు ప్లగ్ తీయండి. తర్వాత నీళ్లు పోయండి.

అల్వాల్_అక్క | మే 8, ఉదయం 11.30

ఎర్తింగ్ గురించి చెప్పినందుకు థ్యాంక్స్ తమ్ముడూ, ఇవాళే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను.

నాదొక ప్రశ్న. మా ఇంట్లో ప్రతి వేసవికీ నీళ్ల కోసం కొత్త రంజన్ (మట్టి కుండ) కొంటాం. మొదటి ఏడాది నీళ్లు ఎంతో చల్లగా ఉంటాయి. అదే రంజన్ మరుసటి ఏడాది వాడితే అంత చల్లగా ఉండవు. అత్తయ్య "దాని గుణం పోయింది" అంటారు. మట్టికి గుణం పోవడం ఏమిటి? ఇది కూడా కూలర్ లాంటిదేనా?

నాచారం_సైన్స్_టీచర్ | మే 8, సాయంత్రం 6.05

అచ్చంగా అదే సూత్రం, మీ అత్తయ్య గారు చూసింది కూడా నిజమే. కాల్చిన మట్టిలో కంటికి కనిపించని సన్నటి రంధ్రాలు ఉంటాయి. నీళ్లు వాటిలోంచి బయటి గోడ దాకా చెమర్చి అక్కడ ఆవిరవుతాయి. ఆ వేడి కుండ నుంచి, లోపలి నీటి నుంచి వస్తుంది. నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులు మాత్రం ఆవిరి కాకుండా ఆ రంధ్రాల్లోనే ఉండిపోతాయి. రంజన్ బయట తెల్లటి పొర కనిపిస్తుంది చూడండి, అదే. ఏడాది వాడేసరికి చాలా రంధ్రాలు మూసుకుపోతాయి. బయటి గోడ పొడిగా ఉంటే ఆవిరి లేదు, చల్లదనమూ లేదు.

గారను పీచుతో గట్టిగా రుద్ది కడిగితే కొంత తేడా ఉంటుంది. లేదంటే రంజన్ చుట్టూ తడి గుడ్డ కట్టండి. నూనె చేతులతో ముట్టుకోకుండా చూసుకోండి, నూనె కూడా రంధ్రాలను మూస్తుంది. ఇంకొకటి, రంజన్‌ని చాలామంది గాలి రాని మూలలో పెడతారు. నీడ ఉండి గాలి ఆడే చోట పెడితే ఎక్కువ చల్లబడుతుంది. కింద తడి ఇసుక పోసి పెట్టడం పాత అలవాటు, అది కూడా మంచి అలవాటే.

టెన్త్_ఉప్పల్ | మే 9, మధ్యాహ్నం 1.20

సార్, మేడమ్, నాకు స్కూల్ తెరిచాక ప్రాజెక్టు ఇవ్వాలి. మబ్బుల_లెక్క గారు చెప్పిన తడి బల్బు కొలత ఇంట్లో చేయవచ్చా? ఏమేం కావాలి?

ఇంకో విషయం, ఇవాళ 12 దాటాక మా మేడ మీద నిలువుగా పెట్టిన పైపుకి నీడే కనిపించలేదు. అది కూడా రాయవచ్చా?

మబ్బుల_లెక్క | మే 9, మధ్యాహ్నం 3.45

తప్పకుండా చేయవచ్చు తమ్ముడూ. ఒకే రకం గది థర్మామీటర్లు రెండు తీసుకో. ముందు రెండింటినీ ఒకే చోట అరగంట ఉంచి ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో చూడు. తేడా ఉంటే రాసి పెట్టుకో, తర్వాత సరిచేసుకోవచ్చు. ఒకదాని బల్బుకు ఉతికిన పల్చటి నూలు గుడ్డ చుట్టి, దాని చివర చిన్న గిన్నెలో ఉన్న నీళ్లలో ఉంచు. నీళ్లు గది వేడికి సమానంగా ఉండాలి, ఫ్రిజ్ నీళ్లు వద్దు. వీలైతే ఫిల్టర్ నీళ్లు వాడు, లేకపోతే గుడ్డ మీదా గార పేరుకుంటుంది. రెండింటికీ నీడలోనే ఫ్యాను గాలి తగలనివ్వు. తడి థర్మామీటర్ దిగుతూ దిగుతూ ఒక చోట ఆగుతుంది. ఆ రెండు అంకెలే కావాలి. గాలిలో తేమ ఎంతో పట్టిక చూసి చెప్పవచ్చు. బేగంపేట వాతావరణ కేంద్రంలో తెల్లటి చెక్క పెట్టెలో జాలీల వెనక ఉండే థర్మామీటర్ల జత కూడా ఇదే సూత్రంతో పనిచేస్తుంది.

నీ నీడ సంగతి మంచి పరిశీలన. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు. సూర్యుడు ఉత్తరానికి వెళ్లేటప్పుడు మే 9 ప్రాంతంలో, తిరిగి వచ్చేటప్పుడు ఆగస్టు 3 ప్రాంతంలో సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆ క్షణంలో నిలువు వస్తువు నీడ దాని కిందే పడుతుంది. కానీ అది వేరే ప్రాజెక్టు, ఈ రెండూ కలపకు.

మణికొండ_కోడర్ | మే 10, రాత్రి 10.00

సరే, కూలర్ శక్తి ఎంతో ఏసీతో పోల్చి చెప్పగలరా? ఏసీని టన్నుల్లో అమ్ముతారు, కూలర్‌ని లీటర్లలో అమ్ముతారు. ఒకే కొలతలో చూడాలని ఉంది.

మబ్బుల_లెక్క | మే 10, రాత్రి 10.50

ఈ లెక్క నాకు చాలా ఇష్టం. టన్ను ఏసీ అంటే ఏసీ బరువు కాదు. అమెరికా టన్ను, అంటే 907 కిలోల ఐసు 24 గంటల్లో కరిగితే ఎంత వేడి తీసుకుంటుందో అంత వేడిని తీయగల యంత్రం. ఐసు వ్యాపారం నడిచిన రోజుల్లో పుట్టిన కొలత అది. 907ని 334తో హెచ్చించి, ఒక రోజులో ఉన్న 86,400 సెకన్లతో భాగిస్తే 3.5 కిలోవాట్లు వస్తుంది. టన్నున్నర ఏసీ అంటే సుమారు 5.3 కిలోవాట్లు.

ఇప్పుడు కూలర్. పెద్ద డెజర్ట్ కూలర్ మంచి ఎండలో గంటకు పది లీటర్లు ఆవిరి చేసిందనుకుందాం. పదిని 2,400తో హెచ్చించి 3,600తో భాగిస్తే 6.7 కిలోవాట్లు. దాదాపు రెండు టన్నులు! ఇందుకు అది తీసుకునే కరెంటు 200 వాట్ల లోపే. టన్నున్నర ఏసీ కంప్రెసర్ పూర్తిగా నడిచేటప్పుడు కిలోవాటున్నర దాకా తీసుకుంటుంది.

అయితే రెండూ సమానం అనుకోకండి. ఏసీ మూసిన గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది, తేమను కూడా తీసేస్తుంది. కూలర్ బయటి 41 డిగ్రీల గాలిని నిరంతరం చల్లబరుస్తూ ఇంకో కిటికీ నుంచి బయటికి పంపేయాలి. ఆ చల్లదనంలో చాలా భాగం గదిలో నిలవదు. ఇంకా, పది లీటర్లంటే ఎనిమిది గంటలకు 80 లీటర్లు. ట్యాంకర్ కొనుక్కునే కాలనీల్లో అది కూడా ఖర్చే.

చిక్కడపల్లి_ప్రింటర్ | మే 11, ఉదయం 9.30

నేను ఆఫ్‌సెట్ ప్రెస్‌లో పనిచేస్తాను. తేమ అనగానే మా ప్రెస్ గుర్తొచ్చి రాస్తున్నాను, ఎందుకంటే ఏసీ పుట్టిందే ప్రింటింగ్ ప్రెస్ కోసం. 1902లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ప్రెస్ వాళ్లకు వేసవిలో రంగులు సరిగా పడక ఇబ్బంది అయితే, విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు చల్లటి పైపుల మీదుగా గాలిని పంపి తేమను అదుపు చేసే యంత్రం రూపొందించాడు. మనుషుల సుఖం గురించి ఆలోచన తర్వాత వచ్చింది.

ఎందుకో మా దగ్గర రోజూ చూస్తాం. కాగితం గాలిలో తేమను పీల్చుకుని కొంచెం సాగుతుంది, పొడి గాలిలో కుంచించుకుపోతుంది. నాలుగు రంగుల పనిలో ఒకే షీటు మీద నీలం, ఎరుపు, పసుపు, నలుపు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. జూలైలో ఒక రంగు వేసి, షీట్లు రాత్రంతా బయట వదిలి, పొద్దున రెండో రంగు వేస్తే అక్షరం అంచున ఎర్రటి నీడ కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పిందంటాం. భూతద్దం పెట్టి చూస్తే రెండు రంగుల చుక్కలు పక్కపక్కకు జరిగి ఉంటాయి. ఆ లాటు మొత్తం పోయినట్టే. అందుకని కాగితం రీములను ప్రెస్ గదిలోనే ఒకరోజు ముందు నుంచి ఉంచుతాం. ప్రెస్ గదిలో కూలర్ పెట్టమని కుర్రాళ్లు అడుగుతారు, ఎంత వేడిగా ఉన్నా మేం పెట్టనిది ఇందుకే.

నాచారం_సైన్స్_టీచర్ | మే 11, సాయంత్రం 7.10

ప్రింటర్ గారూ, మా పిల్లలకు ఇది తప్పకుండా చెబుతాను. పుస్తకంలో ఇలాంటి ఉదాహరణ దొరకదు.

దీనికి సంబంధించి ఒక మాట. కొందరు ఏసీ, కూలర్ రెండూ ఒకే గదిలో వేస్తారు. కూలర్ గాలిలోకి ఎక్కించిన ఆవిరిని ఏసీ మళ్లీ నీరుగా మార్చాలి. ఆవిరి అయ్యేటప్పుడు తీసుకున్న 2,400 కిలోజౌళ్లూ నీరుగా మారేటప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది కాబట్టి ఆ భారం మొత్తం కంప్రెసర్ మీదే పడుతుంది.

బోడుప్పల్_భీమవరం | మే 12, రాత్రి 9.05

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. కూలర్ ఆలోచన మానుకున్నాను. మరి అమ్మానాన్నలకు ఏం చేయాలి? ఫ్యాను ఒక్కటే సరిపోవడం లేదు. నాన్నకు ఏసీ అంటే ఇష్టం లేదు. ఇల్లు డాబా, మధ్యాహ్నం గది 36 దాటుతోంది.

మబ్బుల_లెక్క | మే 12, రాత్రి 9.40

ముందు ఒక జాగ్రత్త. ఫ్యాను గదిని చల్లబరచదు, చర్మం మీద చెమటను త్వరగా ఆరేలా చేస్తుంది. మన చర్మం ఉష్ణోగ్రత 35 దగ్గర ఉంటుంది. గాలి అంతకంటే వేడిగా ఉంటే ఫ్యాను ఆ వేడిని ఒంటికి తెచ్చి తగిలిస్తుంది. చెమట ఆరడం వల్ల పోయే వేడి దానికంటే ఎక్కువ ఉన్నంతవరకే లాభం. వయసు మీద పడ్డవారికి చెమట తక్కువ పడుతుంది, దాహం కూడా అంతగా తెలియదు. తడి బల్బు 31 దాటిన రోజున వాళ్లను ఫ్యానుకు వదిలేయడం మంచిది కాదు. 35 దాటితే ఆరోగ్యవంతుడైన మనిషి నీడలో, గాలిలో కూర్చున్నా శరీరం వేడిని బయటికి పంపలేదు. అంత దాకా రాకముందే పెద్దవాళ్లకు వడదెబ్బ తగులుతుంది.

కాబట్టి నా మాట: చిన్న ఏసీ పెట్టించండి. 22లో కాకుండా 27లో పెట్టి, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. మోకాళ్ల ఇబ్బంది మీద నేరుగా చల్లగాలి కొట్టడం వల్ల కావచ్చు. ఏసీ రెక్కలు పైకి తిప్పి పెడితే గాలి మీద పడదు. భీమవరం లాంటి చోట తేమ తగ్గడం వల్లే సగం సుఖం వస్తుంది, 27లో కూడా చొక్కా ఆరిపోతుంది.

అల్వాల్_అక్క | మే 13, ఉదయం 10.15

డాబా అన్నారు కదా, పైన తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేయించండి. మేం పోయినేడు వేయించాం. సాయంత్రం పూట గోడల వేడి స్పష్టంగా తగ్గింది. ఇక్కడ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చినప్పుడు పేపర్లో చదివి వేయించాం. నల్లబడ్డ స్లాబు పగలంతా ఎండను మింగి రాత్రి ఇంట్లోకి వదులుతుంది. తెల్లగా ఉంటే చాలావరకు తిప్పికొడుతుంది. దీనికి తేమతో సంబంధం లేదు కాబట్టి ఏ ఊరైనా ఒకటే.

బోడుప్పల్_భీమవరం | మే 13, రాత్రి 8.30

అక్కా, రెండూ చేయిస్తాను. నాన్నతో మాట్లాడాను, గాలి మీద కొట్టకుండా పెడతామంటే సరేనన్నారు.

టెన్త్_ఉప్పల్ | జూన్ 14, సాయంత్రం 6.50

కొలతలు తీశాను. మేలో ఒక మధ్యాహ్నం పొడి థర్మామీటర్ 40, తడిది 24. పట్టిక ప్రకారం తేమ పాతిక శాతం దగ్గర వచ్చింది. మొన్న వాన పడ్డాక అదే చోట పొడిది 32, తడిది 27. తేమ 70కి దగ్గరగా వచ్చింది. వేడి ఎనిమిది డిగ్రీలు తగ్గింది, కానీ మేడ మీద మేలో కంటే ఇప్పుడే ఎక్కువ ఉక్కగా ఉంది. కారణం తడి థర్మామీటర్ పెరగడమేనా?

నాచారం_సైన్స్_టీచర్ | జూన్ 14, రాత్రి 8.00

అవును బాబూ, నీ రెండు అంకెల్లోనే జవాబు ఉంది. మేలో పొడి, తడి మధ్య తేడా 16. ఇప్పుడు ఐదు. గాలిలో ఆవిరి ఎక్కువైంది కాబట్టి చెమట ఆరడం బాగా తగ్గింది. ప్రాజెక్టులో ఈ రెండు జతలనూ పక్కపక్కన గ్రాఫ్‌గా గీయి. ఆగస్టులో, డిసెంబరులో కూడా తీసి కలిపితే ఇంకా బాగుంటుంది.

అల్వాల్_అక్క | జూన్ 15, ఉదయం 9.40

మా కూలర్ కూడా మొన్నటి వాన నుంచి చల్లగా వీచడం లేదు. మోటారు పోయిందేమో అనుకున్నాం. మెకానిక్ తమ్ముడూ, రిపేరుకు ఇవ్వనా?

మలక్‌పేట_మెకానిక్ | జూన్ 15, ఉదయం 10.20

వద్దక్కా, మోటారు బాగానే ఉంటుంది. భీమవరం గాలి మన ఊరికే వచ్చింది. ఇప్పుడు పంపు ఆపేసి ఉత్త ఫ్యానులా వాడుకోండి. లేదంటే నీళ్లు తీసేసి, గడ్డి పారేసి, టబ్బును నిమ్మ ఉప్పుతో కడిగి ఎండలో ఆరబెట్టండి. పంపును విడిగా బకెట్ నీళ్లలో రెండు నిమిషాలు తిప్పి ఆరాక గుడ్డలో చుట్టి పెట్టండి, లేకపోతే గార గట్టిపడి వచ్చే మార్చికి బిగుసుకుపోతుంది. కొత్త గడ్డి ఇప్పుడే కొనకండి, ఈ తేమకు బూజు పడుతుంది. ఫిబ్రవరి చివర్లో కొంటే చాలు.